అప్పు మీద నడిచిన ముత్యాల ఊరు

రస్ అల్ ఖైమా పట్నం నుంచి ఉమ్మల్ కువైన్ వైపు, సముద్రం వెంబడి దక్షిణానికి వస్తుంటే ఇరవై కిలోమీటర్ల దూరంలో జజీరా అల్ హమ్రా తగులుతుంది. పేరుకు దీవే గానీ ఇప్పుడు దీవి కాదు. ఒకప్పుడు పోటు వేళకి చుట్టూ నీళ్ళొచ్చి, ఆటు వేళకి బురదలో నడిచి దాటే జాగా అది. తర్వాత మట్టి పోసి పూడ్చేశారు. ఇవాళ ఒక పక్క ఫ్యాక్టరీలు, ఇంకో పక్క గోల్ఫ్ మైదానం, విల్లాలు. వాటి మధ్య పైకప్పులు కూలిన రాతి ఇళ్ళు, పొట్టి మీనారున్న మసీదు, బురుజుల కోట. దుబాయి నుంచి కుర్రకారు రాత్రిపూట కార్లలో వచ్చి టార్చిలైట్లు వేసుకుని తిరుగుతారు. అది జిన్నుల ఊరని పేరు పడింది. 2013లో ఈ ఊరి మీద జిన్నుల సినిమా కూడా ఒకటి వచ్చింది.

జిన్నులతో నాకేం పేచీ లేదు. ఖురాన్‌లో ఉన్నాయి, మా జేజి చెప్పిన కథల్లోనూ ఉన్నాయి. కానీ ఈ ఊరిని ఖాళీ చేయించింది అవి కాదు. ముందు జపాన్‌లో పండించిన ముత్యం ఊరి నడుం విరగ్గొట్టింది, తర్వాత పాలకుడితో వచ్చిన తగాదా తట్టాబుట్టా సర్దించింది. ఈ రెంటికంటే ముందు నుంచీ ఊరి మెడకు చుట్టుకున్నది ఇంకొకటి ఉంది. అది అప్పు. ఆ సంగతి సినిమావాళ్ళకు పట్టలేదు.

మాది నెల్లూరు జిల్లాలో సముద్రం ఒడ్డు పల్లె. తొంభైల మొదట్లో జజీరా అల్ హమ్రా దాపునే ఉన్న ఒక టైల్స్ ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేరాను. మొహర్రం రొట్టెల పండుగకి మా అమ్మ బారాషహీద్ దర్గా చెరువులో దిగి, నాకు వీసా రావాలని మొక్కి పట్టుకొచ్చిన రొట్టె పనిచేసిందని మా ఇంట్లో ఇప్పటికీ నమ్మకం. రొట్టెతో పాటు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు కూడా పనిచేసింది లెండి. క్యాంపులో ఒక్కో గదికి ఎనిమిది మందిమి. శుక్రవారం జుమా నమాజు అయ్యాక గదిలో కూర్చుంటే పేకాట, లేకపోతే ఏడుపు. అందుకని నేను పాత ఊరి వైపు నడిచేవాణ్ణి.

చలికాలంలో శుక్రవారం పూట అబుదాబి నెంబరు ప్లేట్ల కార్లు నాలుగైదు అక్కడ ఆగి ఉండేవి. ఊరొదిలిపెట్టి వెళ్ళినవాళ్ళు పిల్లాజెల్లాతో వచ్చి ఎవరింటి ముందు వాళ్ళు చాప పరుచుకుని గావా, అంటే అరబ్బీ కాఫీ తాగేవాళ్ళు. అలా వచ్చే ఒక ముసలాయన నాకు అలవాటయ్యాడు. నేను హాజీ అనేవాణ్ణి, ఆయన నన్ను వలదీ, అంటే నా కొడుకా అనేవాడు. కుర్రతనంలో బొంబాయి తిరిగిన మనిషి కాబట్టి హిందీ వచ్చు. అది బొంబాయి హిందీ. ఎందుకు అనడానికి ఆయన ‘కాయ్‌కు’ అనడం, మా ఇంటి ఉర్దూలో నేను ‘కైకూ’ అనడం, ఇద్దరం నవ్వుకోవడం. ఆ ఊరి గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఆయన చెప్పింది, మిగతాది తర్వాత అక్కడా ఇక్కడా చదివి కూడబెట్టుకున్నది.

ఊళ్ళో ఉండినవాళ్ళు జాబ్ తెగవాళ్ళు. చిన్న ఊరే అయినా ఒకప్పుడు పరపతి ఉన్న ఊరు. 1820లో ఇంగ్లీషువాళ్ళు ఈ తీరంలోని షేకులందరి చేత సముద్ర ఒడంబడిక మీద సంతకాలు పెట్టించినప్పుడు జజీరా అల్ హమ్రా షేకు వేరుగా సంతకం చేశాడు. తర్వాతి కాలంలో రస్ అల్ ఖైమా కిందికి వచ్చింది.

ఇళ్ళ గురించి చెప్పాలి. ఎలక్ట్రీషియన్ పని చేసినవాడికి గోడ చూస్తే చెయ్యి ఆగదు. ఆ గోడల్లో ఇటుక లేదు. సముద్రంలోంచి తవ్వి తెచ్చిన పగడపు రాయి, తీరంలో దొరికే బీచి రాయి. పగడపు రాయి బెజ్జాల మయం, తేలిక. ఎండకి తొందరగా కాలదు. లోపల జిప్సం పూత. పైకప్పుకి మడచెట్టు దూలాలు. ఆ దూలాలు ఇక్కడివి కావు, తూర్పు ఆఫ్రికా నుంచి పడవల్లో వచ్చేవి. వాటి మీద ఖర్జూరపు ఆకుల చాపలు, చాపల మీద మట్టి. మడ దూలం మూడు మీటర్లకు మించి పనికి రాదు గనక గది వెడల్పు కూడా అంతే. షేకు ఇంట్లో అయినా, వర్తకుడి ఇంట్లో అయినా గది పొడుగు ఎంతైనా పెంచుకోవచ్చు గానీ వెడల్పు మాత్రం ఆఫ్రికా చెట్టు చెప్పినంతే. డబ్బుకి లొంగని కొలత ఒకటి ఊరందరికీ ఉమ్మడిగా ఉండడం నాకు భలే నచ్చింది. ఇక నిజంగా బీదవాళ్ళకు రాతి ఇల్లు లేదు. ఖర్జూరపు మట్టలతో కట్టిన గుడిసెలే. అవేవీ మిగల్లేదు. అందుకే ఇవాళ ఊరు చూసేవాళ్ళకు అక్కడ అందరూ రాతి మేడల్లో బతికినట్టు కనబడుతుంది.

కాస్త ఉన్నవాళ్ళ ఇంటి మీద గాలిబురుజు ఉండేది. నాలుగు పక్కలా తెరిచిన గూడు అది. పైన వీచే గాలిని పట్టి కింద గదిలోకి దించుతుంది. పర్షియా ఒడ్డు నుంచి వచ్చిన పద్ధతి. కరెంటు లేకుండా చల్లబరిచే ఆ ఏర్పాటు కింద, కరెంటు పనివాణ్ణి నేను, జులైలో ఒకసారి నిలబడ్డాను. చల్లగా ఏం లేదు. కానీ బయటకంటే నయం. ఏసీ లేని రోజుల్లో ఆ ‘నయం’ కోసమే అంత ఖర్చు పెట్టేవాళ్ళు.

ఇంటి వెనక ఇంకో చిన్న గది. దాని నేలంతా సన్నటి కాలవలు. అందులో ఖర్జూరం గోనెలు ఒకదాని మీద ఒకటి పేర్చి వదిలేస్తారు. వాటి బరువుకే, ఎండ వేడికే పాకం కారి కాలవల్లో పారి మూల పాతిన కుండలోకి దిగుతుంది. తిండికీ, మందుకీ, పడవ ప్రయాణానికీ ఆ పాకమే. హాజీ నాకు ఆ గది చూపించినప్పుడు వంగి కాలవలో వేలు పెట్టి నాకినట్టు చేసి నవ్వాడు.

ఇక సముద్రం.

ఏడాదిలో దాదాపు నాలుగు నెలలు ఊళ్ళో మగవాడనేవాడు ఉండేవాడు కాదు. జూన్‌లో నీళ్ళు వెచ్చబడ్డాక పడవలు వెళ్ళిపోయేవి, సెప్టెంబరు చివరికి తిరిగొచ్చేవి. ఊళ్ళో మిగిలేది ఆడవాళ్ళు, పసిపిల్లలు, కదల్లేని ముసలివాళ్ళు. పడవకి పెద్ద నాఖుదా. నీళ్ళలో మునిగేవాణ్ణి గవ్వాస్ అంటారు, పైన తాడు పట్టుకుని లాగేవాణ్ణి సైబ్ అంటారు. పనులందుకునే పిల్లలు కొందరు, పాటగాడు ఒకడు. తెడ్డు వేసేటప్పుడు, తెరచాప ఎత్తేటప్పుడు, లంగరు లాగేటప్పుడు ఒక్కో పనికీ ఒక్కో పాట. పాడేవాడికి అది వేడుక కాదు, ఉద్యోగం. అతనికీ జీతం ఉండేది.

గవ్వాస్ ఒంటి మీద ఉండేవి నాలుగే వస్తువులు. ముక్కు మూసే తాబేటి చిప్ప క్లిప్పు, వేళ్ళకు తోలు తొడుగులు, మెడలో తాళ్ళతో అల్లిన బుట్ట, కాలికి రాయి కట్టిన తాడు. జెల్లీ చేపలు ఎక్కువున్న రోజు ఒంటినిండా పల్చటి నూలు గుడ్డలు. రాయి బరువుకి అడుగుకి దిగుతాడు. నిమిషం, నిమిషమున్నర ఊపిరి బిగబట్టి చేతికందిన చిప్పలన్నీ బుట్టలో వేస్తాడు. తాడు ఒక్క గుంజు గుంజితే పైన సైబ్ లాగాలి. ఆ గుంజు వినబడేది కాదు, చేతికి తెలియాలి. సైబ్ కునుకు తీస్తే కింద మనిషి పోయినట్టే. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకే దాకా అలా పదుల సార్లు. పొద్దున రెండు ఖర్జూరాలు, ఓ గుక్క గావా. కడుపు నిండా తింటే మునగలేరు. రాత్రికి అన్నం, చేప. మంచినీళ్ళు కొలిచి పోసేవాళ్ళు.

హాజీ పదేళ్ళ వయసులో పడవెక్కాడు. గిన్నెలు తోమడం, గావా పొయ్యి ఊదడం, పెద్దవాళ్ళకు నీళ్ళందించడం. తర్వాత సైబ్ అయ్యాడు. వాళ్ళ నాయన గవ్వాస్. నలభై దాటేసరికి ఆయనకు చెవులు పోయాయి, కళ్ళు మసకబారాయి. ముత్యాల తీరంలో చెవిటి ముసలివాళ్ళు లేని ఇల్లుండేది కాదని హాజీ అనేవాడు. “మా నాయనతో మాట్లాడాలంటే అరవాలి. అరిస్తే అమ్మ కొట్టేది. అందుకని మాట్లాడడం మానేశాం” అన్నాడొకసారి, మామూలుగానే.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచనలో పడేసింది చిప్పలు విప్పే పద్ధతి. పగలంతా తెచ్చిన చిప్పలన్నీ ఒకే కుప్పగా పోసేవాళ్ళు. రాత్రంతా అలాగే ఉంచి, తెల్లవారి నాఖుదా కళ్ళ ముందు అందరూ కూర్చుని కత్తులతో విప్పేవాళ్ళు. ఏ చిప్ప ఎవరు తెచ్చిందో ఎవరికీ తెలియదు. తన చేత్తో తీసిన చిప్పలో పెద్ద ముత్యం దొరికినా అది తనదని గవ్వాస్‌కి తెలిసే దారి లేదు. వందల చిప్పలు విప్పితే ఎప్పుడో ఒక ఆవగింజ. ఎవరి కష్టం ఎంతో తెలియనివ్వని లెక్క అది. దానిలో న్యాయం ఉందనేవాళ్ళూ ఉన్నారు. కొంత ఉంది కూడా. కానీ ఆ న్యాయం పడవ అడుగు వాళ్ళ మధ్యే తిరిగేది, పైకి ఎక్కేది కాదు.

ఎందుకంటే పైన ఉన్నది ఖాతా పుస్తకం. పడవ కదలకముందే నాఖుదా ఒక్కొక్కడికీ ముందస్తు ఇచ్చేవాడు. నాలుగు నెలలు ఇంట్లోవాళ్ళు తినాలి కదా. ఆ డబ్బు బియ్యం, ఖర్జూరం, గుడ్డల రూపంలో వచ్చేది, ధర ఇచ్చేవాడిదే. నాఖుదా తనకు తాను ఉన్నవాడేం కాదు, అతనికి వర్తకుడు అప్పిచ్చేవాడు. వర్తకుడికి బొంబాయి సేఠు. మన దేశపు బనియా వ్యాపారులు కొందరు ఈ తీరం రేవుల్లోనే కాపురముండి వడ్డీలకు తిప్పేవాళ్ళు. సీజను అయ్యాక ముత్యాలమ్మిన సొమ్ములో తిండి ఖర్చులు తీసేసి, మిగిలినది వాటాలు వేసేవాళ్ళు. మామూలుగా గవ్వాస్‌కి మూడు, సైబ్‌కి రెండు. ఆ వాటా ముందస్తుకి సరిపోతే అదృష్టం. సరిపోకపోతే మిగతాది వచ్చే ఏడు ఖాతాలోకి. మనిషి చస్తే కొడుకు మీదికి. హాజీ పడవెక్కింది సముద్రం మీద సరదాతో కాదు. వాళ్ళ తాత ఖాతా ఇంకా చెల్లలేదు.

ఒక నాఖుదా దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి వెళ్ళాలంటే బాకీ లేదనో, ఇంత బాకీ ఉందనో రాసిచ్చిన కాగితం ఉండాలి. దాన్ని బర్వా అనేవాళ్ళు. బర్వా లేనివాణ్ణి ఇంకో పడవ ఎక్కించుకోరు. ఆ మాట హాజీ చెప్పినప్పుడు నేను నవ్వాను. అప్పట్లో మా పాస్‌పోర్టులు కంపెనీ బీరువాలో ఉండేవి. ఇంకో కంపెనీకి మారాలంటే ఎన్.ఓ.సి. అనే కాగితం కావాల్సి వచ్చేది, అది ఇవ్వడం ఇవ్వకపోవడం వాళ్ళిష్టం. మా ఊరి వడ్డీవ్యాపారి, నెల్లూరులో సబ్ ఏజెంటు, మద్రాసులో ఏజెంటు, ఇక్కడ వీసా ఇచ్చే కఫీల్. మెట్లు అన్నీ ఉన్నాయి, ఎక్కేవాడు మారాడంతే. ఎందుకు నవ్వుతున్నావని హాజీ అడిగితే చెప్పాను. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత “మీకు సొరచేపలు లేవుగా” అన్నాడు. నిజమే, ఆ ఒక్క తేడా ఒప్పుకోవాలి.

ఆ పడవల్లో బానిసలు కూడా ఉండేవాళ్ళు. ఆఫ్రికా నుంచి, బలూచ్ తీరం నుంచి కొనుక్కొచ్చినవాళ్ళు. వాళ్ళ వాటా యజమానికి పోయేది. ఇంగ్లీషు ఏజెంటు దగ్గరికి పారిపోయి విడుదల పత్రం తెచ్చుకున్నవాళ్ళ అర్జీలు పాత రికార్డుల్లో ఎన్నో ఉన్నాయి. హాజీ ఈ విషయం తనంతట తాను ఎత్తలేదు. నేను అడిగితే ఉండేవాళ్ళని మాత్రం ఒప్పుకుని మాట మార్చాడు. పాత రోజులు బంగారమనే మాట ఏ ఊళ్ళో విన్నా, ఆ ఊళ్ళో ఎవరి నోటి నుంచి వినలేకపోతున్నామో చూసుకోవాలి.

ముత్యాలు ఎక్కడికి పోయేవి? వర్తకుడు ఇత్తడి జల్లెళ్ళలో వడగట్టి, సైజుల వారీగా ఏరి, ఎర్రగుడ్డలో మూటకట్టి బొంబాయి చేర్చేవాడు. అక్కడి మోతీ బజారులో బేరం. గల్ఫ్‌లో ఏ తీరంలో తీసిన ముత్యమైనా మన దేశంలోకి వచ్చేసరికి బస్రా ముత్యమే. హైదరాబాదు పత్తర్‌గట్టీలో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆ పేరే చెబుతారు. నిజాముల నగల్లో ఏడు పేటల బస్రా ముత్యాల హారం సత్‌లడా ఉంది. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్న నగల్లో అదీ ఒకటి. ఆ ఏడు పేటల్లో ఏ ముత్యం ఏ ఊరివాడు ఏ తీరాన తీశాడో చెప్పే నాథుడు లేడు. ఆ కుప్ప పద్ధతి అక్కడిదాకా పనిచేసింది.

మగవాళ్ళు లేని నాలుగు నెలలు ఊరు ఎలా నడిచిందనేది ఎవరూ పెద్దగా రాయలేదు. ఆడవాళ్ళే నడిపారు. ఎండలు ముదిరాక పిల్లల్ని, మేకల్ని తీసుకుని లోపలి కొండల అడుగున ఉన్న ఖత్ తోటలకు వెళ్ళేవాళ్ళు. అక్కడ వేడినీటి ఊటలున్నాయి, జాబ్ వాళ్ళకి ఖర్జూరపు చెట్లుండేవి. కాయలు కోయడం, ఎండబెట్టడం, గోనెలకెత్తడం వాళ్ళ పనే. ఒడ్డున మిగిలినవాళ్ళు చేపలకు ఉప్పు పెట్టేవాళ్ళు. వంజరం ముక్కల్ని ఉప్పులో ఊరేసి కుండలకెత్తితే అది మాలిహ్. నెత్తళ్ళు ఎండబెడితే కషీ. కవ్వలు ఎండబెట్టి ఒంటెలకు మేతగా, ఖర్జూరం చెట్లకు ఎరువుగా వేసేవాళ్ళు. మొదటిసారి హాజీ కోడలు పెట్టిన మాలిహ్ తిన్నప్పుడు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. బెంగతో కాదు, ఉప్పుతో. మా వైపు ఉప్పుచేపను కడిగి వండుతారు.

పడవలు రావడం ఆలస్యమైతే ఆడవాళ్ళు గుంపుగా ఒడ్డుకెళ్ళి సముద్రాన్ని ఖర్జూరపు మట్టలతో కొట్టి, ఇక చాలు, మా వాళ్ళని వదిలిపెట్టు అని పాటలో నిలదీసేవాళ్ళట. ఈ ఆచారం గల్ఫ్ ఒడ్డున చాలాచోట్ల ఉండేది. ముల్లాలకు ఇది నచ్చేది కాదు. అయినా ఆపలేకపోయారు. మా ఊరి జాలర్లు పట్టపోళ్ళ ఆడవాళ్ళు తుఫాను వేళ గంగమ్మను తిట్టడం చిన్నప్పుడు చూసినవాణ్ణి కాబట్టి నాకిది వింతగా తోచలేదు.

షాబాన్ నెల పద్నాలుగో రాత్రి మనవైపు షబేబరాత్. హల్వా, దీపాలు, సమాధుల దగ్గర ఫాతెహా. అదే వేళకి అక్కడ హక్ అల్ లైలా. పిల్లలు కొత్త బట్టలు వేసుకుని, మెడలో గుడ్డసంచీ తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడి, బాదంపప్పులు, ఖర్జూరాలు, మిఠాయిలు అడుక్కుంటారు. సంచీ నిండిన పిల్లాడు గొప్పవాడు. ఊరు ఖాళీ అయినాక కూడా హాజీ మనవల్ని ఆ పండక్కి ఒకసారి పాత ఊరికి తీసుకొచ్చాడు. తట్టడానికి తలుపుల్లేవు. ఆయనే ఒక్కో గుమ్మం లోపలికి ముందుగా వెళ్ళి నిలబడి, పిల్లలు వచ్చి పాడితే మిఠాయి వేసేవాడు. అలా ఆరేడిళ్ళు. ప్రతి ఇంటి దగ్గరా అది ఎవరిల్లో చెప్పి, వాళ్ళ తరఫున ఇస్తున్నానని చెప్పాడు. మనవలకు మూడో ఇంటికే విసుగొచ్చింది.

ముత్యం పడిపోయింది ఒక్క రోజులో కాదు. జపాన్‌లో మికిమోతో 1893లోనే చిప్పలో ముత్యాన్ని పండించాడు. గుండ్రటి పెంపుడు ముత్యాలు బజారు ముంచెత్తింది 1920లలో. వెనకే 1929 ఆర్థిక మాంద్యం వచ్చి పారిస్, న్యూయార్క్ కొనుగోళ్ళు ఆగాయి. నాఖుదాలు పడవలమ్ముకున్నారు, కొందరు పడవని విరగ్గొట్టి వంటచెరుకు చేసుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో తిండికి లేదు. స్వాతంత్ర్యం వచ్చాక మన ప్రభుత్వం ముత్యాల దిగుమతి మీద సుంకం వేయడంతో మిగిలిన బేరమూ పోయింది.

అప్పుడు జజీరా అల్ హమ్రా మగవాళ్ళు ఏం చేశారో తెలుసా? గల్ఫ్‌కు పోయారు. అంటే కువైట్‌కి, దమ్మాంకి, బహ్రెయిన్‌కి. 1946 నుంచి కువైట్ చమురు అమ్ముతోంది, కూలీలు కావాలి. హాజీ కువైట్‌లో గోడలు కట్టాడు, డ్రైవరుకి సాయం పోయాడు, ఒక్కో గదికి పదిమంది చొప్పున పడుకున్నాడు. మూడేళ్ళకొకసారి ఇంటికి. నెలనెలా డబ్బు ఊరికి వెళ్ళే ఎవరి చేతో పంపడం. ఆ డబ్బుతోనే ఊళ్ళో కొత్తిళ్ళు లేచాయి. ఇవాళ చూసినా తెలిసిపోతుంది, పగడపు రాతి గోడకు ఆనుకుని సిమెంటు దిమ్మెల గది. చూడ్డానికొచ్చినవాళ్ళు సిమెంటు గది ఫోటోలో పడకుండా జాగ్రత్తపడతారు. నాకు అదే ముఖ్యం. మన కడపలో, కోనసీమలో, కరీంనగర్‌లో పెంకుటింటి పక్కన లేచిన డాబాలన్నీ దాని తోబుట్టువులే.

అంతదాకా ఈ తీరంలో చేతులు మారిన డబ్బు మన రూపాయే. 1959 నుంచి రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమని వేరే రంగులో నోట్లు వేసింది, పదిరూపాయలది ఎర్రది. 1966 జూన్‌లో మనం రూపాయి విలువ తగ్గించుకున్నాక ఈ తీరంవాళ్ళు దాన్ని వదిలేశారు. హాజీ దగ్గర ఒక ఎర్రనోటు మిగిలింది. రాత్రికి రాత్రి తన దాపుడు సొమ్ములో మూడోవంతు పైగా పోయిందని, దానికి నన్నే తప్పుపట్టాడు. నేను అప్పటికి పుట్టలేదన్నా వినలేదు.

1968లో ఊరు ఖాళీ అయింది. రస్ అల్ ఖైమా పాలకుడు షేక్ సక్ర్‌తో జాబ్ వాళ్ళకు గొడవ ముదిరింది. అబుదాబిలో 1966 నుంచి షేక్ జాయెద్ పాలన. అక్కడ చమురు డబ్బు పారుతోంది, జనం కావాలి. రమ్మన్నాడు, ఇళ్ళిస్తానన్నాడు. ఎక్కువమంది వెళ్ళారు. వాళ్ళకిచ్చిన పేటకు అబుదాబిలో జాబ్ అనే పేరు. 1971 డిసెంబరులో ఎమిరేట్స్ ఏర్పడి, 1972 ఫిబ్రవరిలో రస్ అల్ ఖైమా కూడా అందులో చేరేనాటికి ఈ ఊళ్ళో పొయ్యి వెలిగే ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టాల్సిందే.

ఆ రోజు ఏడ్చారా అని అడిగాను. ఆడవాళ్ళు ఏడ్చారన్నాడు. “నువ్వో?” అంటే, “నాకు ఖాతా లేని ఊరికి వెళుతున్నాను వలదీ, ఎందుకు ఏడుస్తాను?” అన్నాడు. తర్వాత పాతికేళ్ళ పాటు చలికాలం శుక్రవారాల్లో రెండున్నర గంటలు కారులో వచ్చి ఆ గుమ్మంలో ఎందుకు కూర్చున్నాడో మాత్రం నేను అడగలేదు. రెండూ నిజమే అనుకుంటాను. ఊరి మీద ప్రేమ ఉండొచ్చు, ఆ బతుకు మళ్ళీ వద్దనిపించొచ్చు.

ఇప్పుడక్కడ ప్రభుత్వం కోటని, మసీదుని, బజారుని పాత పద్ధతిలోనే బాగుచేసింది. గోడలకు దీపాలు పెట్టి ఏటా చిత్రకళా ఉత్సవం జరుపుతున్నారు. యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ ముత్యాల వ్యాపార పట్నంగా పేరు చేరింది. కొద్ది దూరంలో సముద్రంలో కట్టిన దీవుల మీద కాసినో రిసార్టు లేస్తోంది. బాగుచేసిన పని బాగుందనే చెబుతాను. సున్నం బదులు సిమెంటు మెత్తే మన వాళ్ళతో పోలిస్తే చాలా నయం. ఐతే నేను చూసినంతలో గాలిబురుజు గురించి బోర్డు ఉంది, పడవ గురించి ఉంది, ఖర్జూరపు గది గురించి ఉంది. ఖాతా పుస్తకం గురించి లేదు. అది లేకుండా ముత్యాల ఊరు చూపించడమంటే కథలో అందమైన సగం చెప్పి ఊరుకోవడమే.

అటు వెళ్ళేవాళ్ళు ఉంటే పొద్దున్నే వెళ్ళి చూడండి, ఎండెక్కితే తిరగలేరు. ఇంకో మాట. మన ఊళ్ళలో డెబ్బైల్లో, ఎనభైల్లో గల్ఫ్ వెళ్ళొచ్చిన మొదటి తరం ఇంకా అరుగుల మీద కూర్చునే ఉంది. ఏ ఏజెంటుకి ఎంత కట్టారు, ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చారు, ఎన్నేళ్ళకు తీరింది, పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉంది, ఇంటికి తొలిసారి పంపిన డ్రాఫ్టు ఎంత అనే లెక్కలు వాళ్ళకు నోటికి గుర్తుంటాయి. ట్రంకుపెట్టె అడుగున చిన్న నోటుపుస్తకం కూడా ఉంటుంది. అడిగి రాసి పెట్టుకోండి. పుస్తకం పారేయనివ్వకండి.